కారణం గడిలో ‘యాక్సిడెంట్’

1988 జూన్‌లో నాచారం పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. పవర్ ప్రెస్సులతో ఇనుపరేకును కోసి, వంచి విడిభాగాలు తయారుచేసే చోటు అది. నా హోదాకు గది ఉంది, కుర్చీ ఉంది. యంత్రాన్ని ఆపే అధికారం లేదు. సలహా రాయవచ్చు, అంతే.

ఆ ఏడాది దసరా సెలవు తర్వాత మొదటి షిఫ్టు. ఉదయం ఏడు గంటలకు ఎనిమిదో నంబరు ప్రెస్ కింద ఆపరేటర్ యాదగిరి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. చెయ్యి లోపలికి పోకుండా అచ్చు ముందు బిగించే ఇనుప జాలీని గార్డు అంటారు. ఆ ఉదయం ప్రెస్‌కు గార్డు లేదు.

వర్క్స్ మేనేజర్ నన్ను పిలిచి రెండు పనులు చెప్పారు. మధ్యాహ్నం రెండింటికి, సెకండ్ షిఫ్టులో, ప్రెస్ నడవాలి. ఆలోగా రిపోర్టులోని కారణం గడిలో ‘యాక్సిడెంట్, కార్మికుడి అజాగ్రత్త’ అని నింపాలి. అలా నింపితే యాదగిరికి ఛార్జిషీటు, ఆపైన డిస్మిస్.

దవాఖానాలో యాదగిరి కట్టు కట్టిన చేతిని ఛాతీకి ఆనించుకుని పడుకున్నాడు. “మా అమ్మ గండమంటుంది సార్. గట్లనే రాయుర్రి. నా తప్పని మాత్రం రాయకుర్రి. ఉన్న చెయ్యితోని ఏ పనైనా జేస్త,” అన్నాడు.

తిరిగి వస్తూ ఆ ఇంగ్లీషు మాట గురించే ఆలోచించాను. లాటిన్‌లో ‘పడటం’ అనే క్రియ నుంచి వచ్చింది యాక్సిడెంట్. మీద వచ్చి పడినది, అనుకోకుండా జరిగినది. మనం దాన్ని ప్రమాదం అంటున్నాం. సంస్కృతంలో ఆ మాటకు అసలు అర్థం ఏమరుపాటు. మొదటి మాట ఎవరినీ నిలదీయదు. రెండోది దెబ్బ తిన్నవాణ్నే నిలదీస్తుంది. మేనేజరుకు రెండూ పనికొచ్చాయి, గండమన్నా ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు. గార్డు ఏమైందన్న ప్రశ్న ఆ మూడింటిలోనూ లేదు.

గార్డు, ప్రెస్సులుండే షాపు మూలన దేవుడి పటం ముందు ఉంది. పసుపు, కుంకుమ, బంతిపూల దండతో. ఫిట్టర్ శామ్యూల్‌ను అడిగాను.

“ఆయుధపూజకు ప్రతియేడు ఇప్పుతరు సార్. పొద్దుగాల బిగిద్దామని పోయిన. ఉద్వాసన చెప్పనిది ముట్టొద్దని పూజ జేసినోళ్లన్నరు. నేను చర్చికి పోయేటోన్ని, నాకెందుకని ఊకున్న.”

పక్క ప్రెస్ మల్లయ్య అందుకున్నాడు. “దేవునికి జాలీ అడ్డం పెట్టినం, మనిషికి తీసినం. మస్తు తెలివి మనది.”

నా సంగతీ చెప్పాలి. షిఫ్టు మొదలయ్యేలోపు గార్డులన్నీ చూసి సంతకం పెట్టడం నా పని. సెలవు తర్వాత మొదటి రోజు కదా అని తీరిగ్గా ఎనిమిదింటికి వచ్చాను. పూజనాడు విప్పిన గార్డును కళ్లారా చూసి, ప్రసాదం తిని, వెళ్లిపోయాను. మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునేవాణ్ని, నలుగురిలో పేచీ ఎందుకని అక్కడ నోరు మూసుకున్నాను.

రెండింటికి పది నిమిషాలుండగా సెకండ్ షిఫ్టు ఆపరేటర్ వచ్చి ప్రెస్ ముందు నిలబడ్డాడు. మేనేజర్ స్విచ్ వేయమన్నారు. నేను మెయిన్ బోర్డులోంచి ఆ ప్రెస్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను. “మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి,” అన్నారాయన. గార్డు బిగించేదాకా ఇవ్వనన్నాను. షాపంతా మమ్మల్నే చూస్తోంది. శామ్యూల్ నా వంక, పటం వంక చూశాడు, కదల్లేదు. దండ నేనే తీశాను. అప్పుడు అతను స్పానర్ తెచ్చాడు.

కారణం గడిలో ఇలా రాశాను: పూజకు విప్పిన గార్డును తిరిగి బిగించలేదు, షిఫ్టుకు ముందు సేఫ్టీ ఆఫీసరు తనిఖీ చేయలేదు. కింద సంతకం పెట్టాను. ఛార్జిషీటు నిలవలేదు. యాదగిరిని స్టోర్స్‌లోకి మార్చారు. నాకు మెమో వచ్చింది, ప్రమోషన్ ఆగింది.

తర్వాత ఉప్పల్‌లో మరో ఫ్యాక్టరీకి మారి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. కారణం గడిలో యాక్సిడెంట్ అని రాసిన ఏ రిపోర్టునూ తీసుకోలేదు. అది జరిగినదాని పేరు, కారణం కాదు. ఉండాల్సిన చోట ఏది లేదో, దాన్ని చూడాల్సినవాళ్లు ఎవరో ఆ గడిలో ఉండాలి. రాసేవాడి పేరైనా సరే.