గోడలోని ఊరు

స్టీలు పళ్లెంలో పాచికలు దొర్లిన చప్పుడు వింటే ఇప్పటికీ నా వీపు నిటారవుతుంది. బడా బజార్‌లో మేముంటున్న వాటా చిన్నది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు కూర్చుంటే ఆ మోత వంటింటి దాకా వెళుతుంది. ప్రతిసారీ ఆ చప్పుడు ఆగేలోగా కృష్ణవేణి అక్క గుర్తుకొస్తుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఒడిశాలోని మా బరంపురంలో భూములు కొలిచే ఒక ఆఫీసులో పటాలు గీసేది. గట్టు గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా కాగితం చింపేసి మళ్లీ మొదటినుంచి గీసే మనిషి. అలాంటి మనిషి నాకు నేర్పింది మాత్రం పటంలో ఖాళీ వదలడం.

ఆ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు కథలో తలా ఒక పాత్ర అవుతారు. రాజ్యాలు, రాక్షసులు, మంత్రాలు అన్నీ మాటల్లోనే. ఎవరేం చేస్తారో వాళ్లే చెబుతారు. జరుగుతుందో లేదో తెలియని చోట పాచికలు తేలుస్తాయి. అక్క బెంగుళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇది నేర్చుకుంది. ఊరికి తిరిగొచ్చాక గేట్ బజార్‌లో బట్టల కొట్టు మీది తన గదిలో ఆదివారాలు ఆడించేది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నాతో డిగ్రీ చదివే ఒడియా అమ్మాయి లిపిక నన్ను అక్కడికి తీసుకెళ్లింది. అక్క బల్ల మీద పెద్ద కాగితం పరిచింది. దాని మీద ఒక సముద్రతీరం, ఒక నది, అంతే. నా పాత్ర నది అవతల పుట్టిన పడవవాడు. ఆట మొదలయ్యాక, "నది అవతల ఏటుందక్కా?" అని అడిగాను.

"నన్నడుగుతావేటి? అక్కడ పుట్టినోడివి నువ్వు. నువ్వే సెప్పు."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె నవ్వలేదు. నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది, తొందరపెట్టలేదు. చివరికి ఏదో ఒకటి అనాలని, "ఉప్పుమళ్లు" అన్నాను. వెంటనే ఇంకుతో రాసేసింది. తరువాతి ఆదివారానికి ఆ ఉప్పుమళ్ల మనుషులకు ఒక పండుగ, ఒక దొరతో తగాదా, మబ్బు పడితే భయం, అన్నీ వచ్చేశాయి. నోటికొచ్చి అన్న ఒక్క మాట మీద ఒక లోకం నిలబడింది. అంతవరకు ఇంట్లోగానీ కాలేజీలోగానీ నా మాటను ఎవరూ అలా పట్టుకోలేదు.

అడిగినదానికల్లా తలూపేదనుకోకండి. తన విల్లు ఎప్పుడూ గురి తప్పదని లిపిక ఒకసారి అంది. "సరే. అలాటి విల్లు ఊరికే రాదు గదా. దానికోసం నువ్వేటి ఒదులుకున్నావు?" అని అక్క అడిగింది. లిపిక చాలాసేపు ఆలోచించి, "ఎడమ కన్ను" అంది. విల్లు దక్కింది, కన్ను పోయింది. అక్క దగ్గర ఇంకొక పట్టింపు కూడా ఉండేది. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు చెరపకూడదు. కావాలంటే దానికి చేర్చుకోవచ్చు.

రెండేళ్లకు ఆఫీసు పని మీద ఆమె మూడు నెలలు కొరాపుట్ వైపు వెళ్లాల్సి వచ్చింది. "అందాకా నువ్వు నడుపు, సూర్యం" అని బల్ల నాకు అప్పగించింది. నేను పొంగిపోయాను. కొత్త కథ కట్టి ఒక లావుపాటి నోటుబుక్కు నింపాను. రాజుల వంశాలు, యుద్ధాలు, ఎవరెప్పుడు చావాలో కూడా. రెండు రాజ్యాల నడుమ ఆకాశమంత ఎత్తు గోడ కట్టాను.

అప్పటికి సంతోష్ మాతో చేరాడు. ఆంధ్రా సరిహద్దులోని గిరిసోల నుంచి రైల్లో వచ్చేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాటలు తక్కువ. ఆ రోజు మొదటిసారి తనంతట తాను నోరు విప్పాడు.

"నా మనిషిది గోడ కాడ ఊరు. అక్కడోళ్లు రెండు బాసలూ మాటాడతారు. ఇటోళ్లేమో ఆళ్లని అటోళ్లంటారు, అటోళ్లేమో ఇటోళ్లంటారు."

నేను పుస్తకం తిరగేశాను. "గోడ కాడ ఊళ్లేవీ లేవు. ఐదు కోసుల మేర బీడే. ఇక్కడ రాసుంది సూడు."

"ఒకూరుంటే ఏటవుతాది?"

"కథ పాడైపోతాది."

అతను తలూపాడు. ఆ పూటంతా వేయమన్నప్పుడు పాచికలు వేశాడు, అంతే. తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. "నీ ఆట పరీక్షలా ఉంది" అని లిపిక కూడా మానేసింది. నేనూ నా పుస్తకమూ మిగిలాం.

అక్క తిరిగొచ్చి ఆ పుస్తకం మొత్తం చదివింది. ఒక్క పేజీ కూడా దాటేయలేదు. "బాగా రాసావురా" అంది. "ఇందులో సంతోషెక్కడున్నాడు?"

వెతికాను. లేడు. లిపికా లేదు. ఆమె తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. "రేపు గిరిసోల ఎల్దాం" అని మాత్రం అంది.

సంతోష్ వాళ్ల అమ్మ మాకు వాకిట్లో చాప వేసి, టీ ఇచ్చి, సంగతి చెప్పింది. ఆ ఆదివారానికి ముందు వారమంతా సంతోష్ ఒక కాలేజీ సీటు కోసం తిరిగాడట. ఇక్కడ తెలుగు ఇంటిపేరు చూసి ఆంధ్రాలో అడగమన్నారు. ఇచ్ఛాపురం అవతల ఒడియా సర్టిఫికెట్లు చూసి వెనక్కి పంపేశారు. ఆ తరువాతే ఆదివారం నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేనూ అతనికి ఊరు లేదన్నాను.

గుమ్మంలో నిలబడిన సంతోష్ వైపు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పు నాదే, సంతోష్. నీ ఊరు పెట్టుకో. గోడ తీసేస్తాను."

 "గోడ తియ్యకు. దాని మందమెంత?" అన్నాడు.

ఎత్తు రాశానుగాని మందం రాయలేదు. అక్క నా వైపు చూసింది.

"నువ్వే సెప్పు" అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

"అయితే నా ఊరు గోడలోనే ఉంది. రెండేపులా తలుపులున్నాయి. తాళాలు మా దగ్గరే."

ఆ ఊళ్లో మేము రెండేళ్లు ఆడాం. లిపిక తిరిగొచ్చింది. నా రాజులిద్దరూ, వంశాలతో సహా, గోడ తలుపు తట్టి సంతోష్ తీసేదాకా నిలబడాల్సి వచ్చింది. నేను రాసుకున్న యుద్ధం జరగనేలేదు. ఆ సీటు అతనికి రాలేదు. మరుసటి ఏడాది ఇంకొక కాలేజీలో చేరాడు. రైలు దిగి మెట్లెక్కి వస్తూనే, ఆ ఊళ్లో ఆ వారం ఏమేం జరిగిందో తానే మాకు చెప్పడం మొదలుపెట్టేవాడు.

మూడేళ్ల కిందట జబ్బు చేసి అక్క పోయింది. చివరి ఏడాది కథ నడిపే ఓపిక లేక నా బల్ల దగ్గర ఆడే మనిషిగా కూర్చుంది. ఒక ముసలి బాటసారి పాత్ర. కొండ మలుపులో, "ఈ దారెక్కడికెల్తాదిరా?" అని నన్నడిగి, నా ముఖం చూసి తానే నవ్వేసింది.

"ఉండు, ఆలోసించుకోనీ. ఇన్నాళ్లూ అడగడమేగాని సెప్పడం ఇంత కష్టమని తెలీదు."

మేమంతా ఆగాం. దారి చివర పెద్ద గొయ్యి ఉందని, లోకంలోని కొలత గొలుసులన్నీ అందులో పాతేశారని, ఇక ఎవరూ ఎవరి నేలా కొలవరని చెప్పింది. నేను ఇంకుతో రాసుకున్నాను.

ఇప్పుడు నేను బళ్లో లెక్కలు చెబుతున్నాను. అక్కడైనా, బల్ల దగ్గరైనా ఆమె నుంచి నాకు మిగిలింది ఒక్కటే. అడిగాక ఆగడం. ఎదుటివాళ్లు ఆలోచిస్తున్నంతసేపూ ఆ మౌనాన్ని నా మాటలతో నింపకుండా ఉండడం. చూడ్డానికి తేలికే. నాకు ఏళ్లు పట్టింది.

మొన్న వేసవిలో మా ఆటకు కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ఆరు నెలలుగా నేను దాచిపెట్టుకున్న దుష్టరాణి ఆ రోజే ముసుగు తీసింది. అందరూ కత్తులు దూశారు. ఆ అమ్మాయి మాత్రం కదలకుండా, "ఆవిడ మా అమ్మ" అంది. నేను అనుకున్నదంతా అక్కడికక్కడే కూలిపోయింది. అందరూ నా వైపు చూశారు.

"అయితే నిన్నెందుకు ఒదిలేసిందో సెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి కిటికీ వైపు చూస్తూ ఆలోచనలో పడింది. నాకు తొందరేమీ లేదు.