ఆకుపచ్చ వంటగదిలో చెన్నమ్మ

చెన్నమ్మ చేతి బొరుగుల ఉగ్గాని తిననివాళ్లు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఒక్కరూ ఉండరు. భర్త రామాంజనేయులు అక్కడ సూపరింటెండెంటు. అనంతపురం నుంచి ఆయన ఉద్యోగం వెంట వచ్చి క్యాంపస్ క్వార్టర్స్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి, ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చినా, ఎవరికి బిడ్డ పుట్టినా, బొరుగులు నానేది చెన్నమ్మ వంటింట్లోనే. ఆమె పెద్దగా చదువుకోలేదు. నలుగురిలో మాట్లాడమంటే నోరు పెగలదు. పొయ్యి ముందు నిలబడితే మాత్రం ఎవరినీ లెక్కచేయదు, వైస్ ఛాన్సలర్ వచ్చినా పక్కకు జరగమంటుంది.

అలాంటి చెన్నమ్మకు చూపు పోతోంది. డాక్టరు గ్లకోమా అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కలు వేసుకుంటే ఉన్నది ఇంకొన్నాళ్లు నిలబడవచ్చనీ చెప్పాడు. ఆసుపత్రికి తోడు వచ్చింది పక్క క్వార్టర్ సుధామయి. ఇంట్లో చెప్పింది మాత్రం చీరల కొట్టుకు పోయొచ్చామని. రామాంజనేయులు మంచివాడు, అదే అసలు చిక్కు. సంగతి తెలిస్తే మరునాడే వంటమనిషిని పెట్టి, ఈమెను సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్లు కూడా చేతికందిస్తాడు. చెన్నమ్మకు గుడ్డితనం కన్నా ఆ సోఫా అంటేనే భయం.

మరి ఒకే ఇంట్లో ఉండే మనిషి కనిపెట్టలేదా అంటే, లేదు. మార్కుల పట్టికలో ఒక్క అంకె అటూ ఇటూ అయితే పట్టుకునే ఆయన, ఎదురుగా పెళ్లాం గ్లాసు కోసం తడుముకుంటుంటే పేపరు తిరగేస్తూ ఉండేవాడు. మొగుళ్ల కళ్లలో వేయడానికి ఏ చుక్కలూ కనిపెట్టలేదు ఇంకా. పైగా క్వార్టర్ వంటిల్లు ఆమెను కాపాడుకుంటూ వచ్చింది. కడపరాయి గట్టు, పొయ్యికి ఎడమపక్క ఉప్పుజాడీ, దాని వెనక తిరగవాత డబ్బా, గోడకు మేకులు, ఏ మేకుకు ఏ గరిటె అన్నది చేతికే తెలుసు. పెరటి తలుపు తీసి చెయ్యి చాపితే కరివేపాకు కొమ్మ. ఆ వంటింట్లో ఆమెకు కళ్లతో పనిపడలేదు.

రామాంజనేయులు రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి తార్నాకలో ఎప్పుడో కొనుక్కున్న మూడో అంతస్తు ఫ్లాటులోకి మారాలి.

"కొత్తింట్లో నీకేం కావాల?" అని అడిగాడాయన.

"ఇట్లాంటి వంటిల్లే కావాల. అచ్చం ఇట్లాంటిదే" అంది చెన్నమ్మ.

ఆమె చెప్పింది మేకుల గురించి, ఉప్పుజాడీ గురించి. ఆయనకు వినపడింది చెట్ల గురించి. పాపం, పచ్చదనం మధ్య బతికిన మనిషి, ఫ్లాటులో దిగులు పడుతుందనుకున్నాడు. నేరుగా వెళ్లి నిరోష అనే ఇంటీరియర్ డిజైనర్‌ను పట్టుకొచ్చాడు.

"సార్, మీరు అడుగుతున్నదాన్ని ట్రాపికల్ స్టైల్ అంటరు" అంది నిరోష, ట్యాబ్‌లో బొమ్మలు జరుపుతూ. "కేన్ అల్లిక షట్టర్లు, గోడకు అరటాకుల వాల్‌పేపర్, కిటికీ కాడ ప్లాంట్స్. మధ్యల గోడ తీసేస్తే కిచెన్, హాల్ ఒక్కటే అయితది. ఫుల్ గ్రీన్ ఉంటది సార్."

పుట్టినప్పటి నుంచీ ఎండలో మాడుతున్నవాళ్లకు ఉష్ణమండలాన్ని కొత్తగా అమ్మగలిగిన అమ్మాయి సామాన్యురాలు కాదు. రామాంజనేయులు చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"అరటాకు రంగు బాగుంటాదా, చిలకపచ్చనా? నువ్వే చెప్పు" అని నమూనా ముక్కలు భార్య ముందు పరిచాడు.

చెన్నమ్మకు రెండూ తడిసిన బూడిదలా కనపడ్డాయి. "నీకు నచ్చిందే పెట్టించు" అంది. తర్వాత ధైర్యం చేసి డిజైనర్‌ను అడిగింది. "ఈ గోడకు నాలుగు మేకులు కొట్టిస్తావా పాపా?"

"అయ్యో ఆంటీ, మేకులు కొడితే లుక్కే పోతది. సామాన్లు అన్నీ లోపలికే. పిడులు కూడా ఉండయి, ఊరికె నొక్కితే తలుపు తెర్సుకుంటది."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. పని అయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన ఆమెను తీసుకెళ్లి వంటగది మధ్యలో నిలబెట్టాడు. చెన్నమ్మ అరచేతితో అరల తలుపులన్నీ తడిమింది. అన్నీ ఒకే అల్లిక, ఒకే కొలత. ఎక్కడ నొక్కితే ఏది తెరుచుకుంటుందో అంతుపట్టలేదు. తన ఇంట్లో తనే దారి తప్పినట్టయింది.

"ఇటు చూడు! పెరట్లో చెట్టుది పిలక తవ్వి తెచ్చి కుండీలో పెట్టినా. నీ కరివేపాకు నీ కిటికీలోనే" అన్నాడాయన.

ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందని ఆయన అనుకున్నాడు. అంత ప్రేమగా కట్టించినదాన్ని పట్టుకుని, నాకిది కనపడదయ్యా అని ఏ నోటితో చెబుతుంది?

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి, హోమం అయింది. మధ్యలో గోడ లేదు కాబట్టి హోమం పొగంతా వచ్చి వంటగదిలోనే కూర్చుంది. భోజనాలు కేటరింగ్ వాళ్లవి. కానీ ఆఫీసు వాళ్లు ఊరుకోలేదు. "ఉగ్గాని లేకుండా కదలం" అని హాల్లో కూర్చున్నారు. చెన్నమ్మ నడుం బిగించింది. సుధామయి డబ్బాలన్నీ బయటికి తీసి గట్టు మీద వరసగా పెట్టింది. బొరుగులు తడిపి పిండడం, ఉల్లిపాయ తరగడం, ఆవాలు చిటపటలాడే దాకా చెవి వేసి ఉండడం, అన్నీ సవ్యంగానే సాగాయి. ఇక కరివేపాకు. కిటికీ దగ్గరకు చెయ్యి చాపింది.

ఆ పొద్దున్నే నిరోష తన ఆన్‌లైన్ పేజీలో పెట్టుకోవడానికి ఫొటోలు తీసింది. కరివేపాకు పిలక బక్కగా ఉందని, మధ్యమధ్యలో నాలుగు ప్లాస్టిక్ రెబ్బలు గుచ్చింది. మెరుపు కోసం నీళ్లు చల్లింది. ఫొటోలు అయ్యాక, రెబ్బలు తీయడం మరిచిపోయి, కింద కేటరింగ్ పందిట్లో వడలు తినడానికి వెళ్లింది.

చెన్నమ్మ వేళ్లకు తడి ఆకు తగిలింది. ఎప్పటిలాగే గుప్పిట్లో పట్టి సర్రున దూసింది. కాస్త జారినట్టు అనిపించినా, తడి కదా అనుకుంది. వాసన చూద్దామంటే ముక్కు నిండా హోమం పొగే. నూనెలో పడేసింది.

ముందు హాల్లో వాళ్లకు తెలిసింది. గొంతులో గుచ్చుకునే కంపు. ఎవరో వైరు కాలుతోందని అరిచారు. రామాంజనేయులు పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపాడు. బాణలి అడుగున పచ్చటి ముద్ద బుడగలు కక్కుతూ అతుక్కుపోయి ఉంది. చెన్నమ్మ ఇంకా గరిటె తిప్పుతూనే ఉంది.

ఎవరో ముందు నవ్వారు. "మేడమ్‌గారు డిజైన్‌ను కూడా తిరగవాతలో వేసేశారు!" అన్నారు. రామాంజనేయులు నవ్వలేదు. భార్య ముఖం చూశాడు. ఆమె కళ్లు బాణలి మీద లేవు, ఆయన మీదా లేవు.

"ఇది నీకు కనపడల్యా?" అన్నాడు మెల్లగా.

చుట్టూ అందరూ ఉన్నారు. చెన్నమ్మ తల వంచుకుంది. "కనపడల్యా" అంది.

అందరూ వెళ్లిపోయాక, డబ్బాలు మళ్లీ అరల్లో సర్దుతూ సుధామయే మొత్తం చెప్పింది. ఆయన బాణలి అడుగున అతుక్కున్న ముద్దను గరిటెతో గీకాడు. తర్వాత ఆమె భయపడిన మాటే, ఆమె భయపడినంత ప్రేమగానూ అన్నాడు. "ఇంక నువ్వు పొయ్యి కాడికి పోవద్దు. రేపే వంటకు ఎవరినన్నా చూస్తా. నూనె మింద పడింటే ఏం గావాల?"

చెన్నమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది. "కండ్లు దేవుడు తీసుకున్నాడు. పొయ్యి నువ్వు తీసుకుంటావా? ఆ పని గూడా లేకపోతే నేనెవురు ఈ ఇంట్లో? నీ వాల్‌పేపర్‌లో ఇంకో అరటాకా?"

ఆ రాత్రి ఇద్దరూ తలోపక్కకు తిరిగి పడుకున్నారు.

మరునాడు పొద్దున వంటగదిలో గిన్నె పడిన చప్పుడుకు చెన్నమ్మ లేచింది. అప్పుడే వంటమనిషిని తెచ్చాడా అనుకుంది. గోడ పట్టుకుని వెళ్లింది. లోపల తలుపులు టపటపా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఏదో పొడి నేలంతా ఒలికి, పాదాల కింద కరకరలాడింది.

"ఎవురది?"

"నేనే" అన్నాడు రామాంజనేయులు. "ఉప్పు యాడుందో దొరకల్యా."

"కండ్ల ముందరే ఉంటాది. సరిగ్గా చూడు."

ఇంకో తలుపు తెరుచుకుంది. ఆమె దగ్గరకు వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది, అక్కడి నుంచి ముఖం మీదికి. వేళ్లకు గుడ్డ తగిలింది. ఆయన తుండుగుడ్డతో కళ్లకు గంతలు కట్టుకుని ఉన్నాడు. గుడ్డ తడిసిపోయి ఉంది.

"యాడుందే ఉప్పు?" అన్నాడు మళ్లీ.

"నాకూ తెల్దు" అంది చెన్నమ్మ.

ఆమె గంతలు విప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కొక్క తలుపే నొక్కుతూ పోయింది. మూలనున్న అరలో జాడీ దొరికింది. తెచ్చి పొయ్యికి ఎడమపక్కన గట్టు మీద పెట్టి, ఆయన వేళ్లను దాని మూత మీద ఉంచింది.

"ఇంక దీన్ని కదిలించొద్దు" అంది. "గోడకు మేకులు కొట్టు."

రామాంజనేయులు ఆ గంతలతోనే వెళ్లి సుత్తి కోసం వెతకడం మొదలుపెట్టాడు.