మోరిస్‌విల్ గరాజ్‌లో మూడు సిలిండర్లు

ఆగస్టులో ఒక శనివారం పొద్దున నా చివరి పోస్టింగ్ మొదలైంది. చోటు అమెరికాలో, నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో మా టౌన్‌హౌస్ గరాజ్. ఒక కారు పట్టేంత జాగా, ఒక్క బల్బు, కాంక్రీటు నేల. తొమ్మిది కాకముందే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అమెరికన్ ఆర్మీలో, ఇరాక్‌లో నాతో పనిచేసిన డ్రైవర్ తన పికప్ వెనక ట్రైలర్ తగిలించుకుని వచ్చాడు. ట్రైలర్ మీద వాళ్ల నాన్న ట్రాక్టర్. చిన్నది, మూడు సిలిండర్ల డీజిల్. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఇంజన్ నడవడం లేదు. చక్రాలకి పాత మట్టి అలాగే ఉంది.

పార్టీల్లో మనవాళ్లు నన్ను ఇరాక్ గురించి అడుగుతారు. బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని వాళ్ల పిల్లలు, "అంకుల్, గన్ షూట్ చేశారా?" అంటారు. నేను పేల్చింది తక్కువ, బిగించిన నట్లు ఎక్కువ. అక్కడ ఒక ఏడాది చేసి, కాళ్లూ చేతులతో తిరిగొచ్చాను. నేను ఓడిపోయింది ఈ గరాజ్‌లో. దీని గురించి ఎవరూ అడగరు, అందుకే చెబుతున్నాను.

మాది కందుకూరు వైపు. ఒంగోలు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను. గ్రీన్‌కార్డ్ మీద ఇక్కడికి వచ్చాక చుట్టూ అందరూ కంప్యూటర్ కోర్సులు చేస్తుంటే నాకు ఆ చదువు బుర్రకెక్కలేదు. ఆర్మీలో చేరాను. జెనరేటర్లు బాగుచేసే పని ఇచ్చారు. ఇరాక్‌లో మా క్యాంపు పెరట్లో అవి వరసగా నిలబడి పగలూ రాత్రీ మోగేవి. బంకర్‌లో కూర్చునే ఏది ఇబ్బంది పడుతోందో చెప్పేవాణ్ణి. సార్జెంట్ రేడియోలో పిలిచేవాడు. వాళ్ల ఇంగ్లిష్‌ని తెలుగులోనే రాస్తున్నాను.

"ఇయర్స్, లైట్లు మినుకుమంటున్నాయి. ఏది?"

"ఏడోది సార్జెంట్. ఫిల్టర్ మూసుకుపోయింది."

"చూశావా?"

"లేదు. విన్నాను."

ఇయర్స్ అంటే చెవులు. నా పేరు పలకడానికి వాళ్లకి నోరు తిరక్కా, నా పని చూసీ పెట్టిన పేరు అది. ఆ జెనరేటర్లకి డీజిల్ తెచ్చే లారీ నడిపినవాడే డ్రైవర్. నార్త్ కరోలినాలోనే, మోరిస్‌విల్‌కి రెండు గంటల దూరంలో వాళ్లది పొగాకు పొలం. మాదీ పొగాకు ఊరే అని చెప్పిన రోజునుంచి నన్ను వదల్లేదు. ఎండలో లారీ నీడన కూర్చుని ఇద్దరం పొగాకు ఆకు ఎండబెట్టే బ్యారన్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆకు ఎప్పుడు పండిందో ముక్కుతో ఎలా తెలుస్తుందో చెప్పుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం డీజిల్ పైపు తగిలిస్తుండగా గోడ అవతల మోర్టార్ గుండు పడి పేలింది. ఎవరూ చావలేదు. ఇసుక మీదపడింది, లేచి దులుపుకున్నాం. డ్రైవర్ నోరు కదులుతోంది, నాకు మాట వినపడటం లేదు. ఒక్క ఈల మాత్రం సన్నగా, పొడుగ్గా మోగుతోంది. నీకూ వినపడుతోందా అని అతను అడుగుతున్నాడని తర్వాత తెలిసింది. మాటలు మెల్లగా తిరిగొచ్చాయి. ఈల పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ మోగుతూనే ఉంది.

తిరిగొచ్చాక డాక్టర్ పరీక్ష చేసి చెప్పింది. లోతు శబ్దాలు వినపడతాయి, సన్నవి పోయాయి. మనుషుల మాట దొరుకుతుంది, పిట్టల కూత దొరకదు. నరం చచ్చింది, ఇక రాదు. ఆ మాట ఇంట్లో కుక్కర్ దగ్గర రుజువైంది. నా భార్య సుధ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది, ఇంటినుంచే కాల్స్ తీసుకుంటుంది. "మూడు విజిల్స్ రాగానే స్టవ్ ఆఫ్ చేయండి" అని మేడ మీదికి వెళ్లింది. నేను కుక్కర్ ఎదురుగానే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పప్పు మాడి వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. సుధ గిన్నె నానబెట్టి కిటికీ దగ్గర నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంజన్ సంగతి వేరు" అన్నాను. "దాన్ని ఎముకతో వింటాం."

నిజంగానే అలా నమ్మాను. మెకానిక్‌లు పొడుగు స్క్రూడ్రైవర్ కొసని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి వింటారు. లోపల ఏ మూల ఏం జరుగుతోందో అలా తెలుస్తుంది. ఎముకతో విన్నా చివరికి చేరేది ఆ నరానికేనని డాక్టర్ చెప్పింది. నేను చెవిన పెట్టలేదు.

ఒప్పందం ఇదీ. ఇంజన్ నడిస్తే, డ్రైవర్ వాళ్ల పాత పొగాకు బ్యారన్‌లో ఇద్దరం ట్రాక్టర్ల షాపు పెడతాం. ఆ చుట్టుపక్కల బాగుచేసే మనిషి లేడు. అప్పటికి రెండేళ్లుగా నేను ఖాళీ. చేతిలో ఉన్నది ఒక్కటే పని, అదింకా ఉందో లేదో తెలియదు. ఈ ఇంజన్‌తో తేలిపోతుందని ముగ్గురికీ తెలుసు.

ప్రతి శనివారం అతను వచ్చేవాడు. ఆ మోర్టార్‌కి అతని చెవులూ దెబ్బతిన్నాయి, వినడానికి చెవుల్లో పెట్టుకునే మిషన్లు ఇచ్చారు. పనిలో దిగేముందు తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. సుత్తి దెబ్బ పడితే వాటిలోంచి తల పగిలిపోతుందట. అద్దెకి తెచ్చిన చెయిన్ బ్లాక్‌తో ఇంజన్ దించాం. హెడ్ విప్పాం. సిలిండర్లు బోరింగ్ చేయించి తెచ్చాం. పిస్టన్లు, రింగులు, బేరింగులు, అన్నీ కొత్తవి. పాతవాటిని వరస తప్పకుండా న్యూస్‌పేపర్ మీద పరిచాం. మాట తక్కువ, సైగ ఎక్కువ. సుధ మధ్యలో టీ తెచ్చేది. "పెళ్లిలో కూడా ఇంత శ్రద్ధగా కూర్చోలేదు ఈయన" అని డ్రైవర్‌తో ఇంగ్లిష్‌లో చెప్పింది. అతను వినలేదు, నవ్వాడు. ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. ఆ మాట దాచను.

అక్టోబర్ చివర ఇంజన్ మళ్లీ ట్రాక్టర్‌లో కూర్చుంది. మధ్యాహ్నం మూడైంది, ఆకాశం తేటగా ఉంది. గరాజ్ తలుపు పైకెత్తి ట్రాక్టర్‌ని డ్రైవ్‌వేలోకి తోశాం. డీజిల్ పైపుల్లో గాలి తీశాం. సుధని పిలిచాను. శనివారమైనా ఉన్న ఆఫీస్ కాల్ మధ్యలో వదిలేసి చెప్పుల్లేకుండా వచ్చింది.

"రెడీనా ఇయర్స్?" అన్నాడు డ్రైవర్ గట్టిగా.

"కొట్టు."

తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. సైలెన్సర్‌లోంచి నల్లపొగ, తర్వాత బూడిదరంగు, తర్వాత ఏమీ లేదు. ఆయిల్ మీటర్ ముల్లు నిటారుగా పైకి లేచింది. కాళ్ల కింద కాంక్రీటు లోతుగా, సమంగా కొట్టుకుంటోంది. స్క్రూడ్రైవర్ తీసి ఇంజన్ బ్లాకుకి ఆనించి పిడి చెవి వెనక నొక్కుకున్నాను. దడదడదడ, తేడా లేదు. దాని మీద నా ఈల. ఈల ఎప్పుడూ ఉండేదే.

డ్రైవర్ వైపు తిరిగి బొటనవేలు చూపించాను. అతను నా భుజం పట్టుకుని ఊపేశాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వుతున్నాను. సుధ రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూసి నవ్వుతోంది. డీజిల్ మోత కదా, అలవాటు లేదు అనుకున్నాను. వేగం పెంచమని డ్రైవర్‌కి సైగ చేశాను.

ఆమె చేతులు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. అప్పుడు ఇంజన్ ముందువైపునుంచి నీలంగా పొగ లేచింది. మాడిన నూనె వాసన వచ్చింది. చెయ్యి ఎత్తేలోపే ట్రాక్టర్ ఒక్క కుదుపు కుదిపి బిగుసుకుపోయింది. కాంక్రీటులో కొట్టుకోవడం ఆగిపోయింది.

మర్నాడు విప్పాం. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్ షాఫ్ట్, దాని ముందుకొస మీద ఉంగరంలాంటి ఒక బుష్ ఉంటుంది. దానికో చిన్న రంధ్రం. బ్లాకులో ఆయిల్ వచ్చే రంధ్రానికి అది సరిగ్గా ఎదురుగా రావాలి. దిగగొట్టేటప్పుడు అది బియ్యపుగింజంత పక్కకి తిరిగింది. మిగతా ఇంజనంతా ఆయిల్ తాగింది, మీటర్ బాగానే చూపించింది, ఆ ఒక్క బుష్ ఎండిపోయింది. అలాంటిది ఎంత పేరున్న మెకానిక్‌కైనా జరుగుతుంది. అలాంటప్పుడు పాడయ్యేముందే ఇంజన్ అరుస్తుంది. ఎండిన బుష్ సన్నగా, చెవులు తూట్లు పడేలా కీచుమంటుంది. విన్నవాడు ఆ క్షణమే ఆపేస్తే ఒక బుష్‌తో పోతుంది. మేం వేగం పెంచాం. క్రాంక్ కోసుకుపోయింది, బ్లాకూ పాడైంది.

డ్రైవర్ వేడికి నీలం తిరిగిన ఆ బుష్‌ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. మిషన్లు చెవుల్లో పెట్టుకున్నాడు, నా జవాబు వినడానికి.

"ఇయర్స్. ఇది వేరేవాళ్ల ట్రాక్టర్ అయితే?"

నేను విప్పిన నట్లు ఏరి డబ్బాలో వేయసాగాను. అతను మిషన్లు తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ట్రాక్టర్‌ని ట్రైలర్ మీద ఎక్కించి రెండు గంటలు తూర్పుకి తీసుకెళ్లాం. బ్యారన్ తలుపు తీస్తే ఇంకా ఎండిన ఆకు వాసన, మా ఊళ్లో లాగే. షాపుకని అతను అప్పటికే ఒక గోడకి సున్నం వేశాడు. ట్రాక్టర్‌ని ఆ గోడ ముందే దించాం. ఖాళీ ట్రైలర్‌తోనే నన్ను తిరిగి ఇంటి దగ్గర దింపి వెళ్లాడు. ఇప్పుడు నేను ఇండియన్ స్టోర్ వెనక బియ్యం బస్తాలు దించుతాను. దానికి చెవులక్కర్లేదు.

ఆ రాత్రి నేను ఇంటికొచ్చేసరికి సుధ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. తల ఎత్తకుండా మాట్లాడింది, పెదాలు కనపడక దగ్గరికి వంగాను.

"నేను విన్నానండీ. స్టార్ట్ చేసిన కాసేపటినుంచీ వింటూనే ఉన్నా. కుక్కర్ విజిల్ కన్నా ఘోరంగా అరుస్తోంది."

"మరి చెప్పలేదేం సుధా?"

"మీరిద్దరూ తెలిసినవాళ్లు. అంత నవ్వుతున్నారు. ఇంజన్ అంటే అలాగే అరుస్తుంది కాబోలు అనుకున్నా. మీరు అలా నవ్వి ఎన్నాళ్లయిందని."

ఇరాక్‌లో చూసినవి చాలావరకు మసకబారాయి. మోర్టార్ పడ్డ గోడ ఏ రంగో కూడా ఇప్పుడు చెప్పలేను. డ్రైవ్‌వే మాత్రం పోదు. సుధ చెప్పుల్లేని కాళ్లతో నిలబడి ఉంటుంది. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉంటుంది. నొప్పికి కళ్లు చికిలిస్తూనే, మేం నవ్వుతున్నామని తనూ నవ్వుతూ ఉంటుంది.