తిట్టే వరస

“ఏమే బొబ్బర్లు మెక్కేదానా, ఇంత పొద్దెక్కినా పొయ్యి రాజుకోలేదేం? నానబెట్టిన బొబ్బర్లన్నీ ఒక్కదానివే తిని కదల్లేకపోతున్నావా?”

“తిన్నాన్లే పెద్దమ్మా. నీకని గుప్పెడు దాచాను. నా పాలేరువి కదా, పస్తు పెడితే పాపం నాకే చుట్టుకుంటుంది.”

“నేను నీ పాలేరునా! విన్నారా జనాలారా! మా తాత పొలంలో కలుపు తీసి బతికిన వంశం, ఇవాళ నాకు గుప్పెడు పెడుతుందిట!”

ఆ కేక మాలీ సరిహద్దులో ఉన్న కొలొబుగూ బజారులో ఈ చివర ఉల్లిగడ్డల వరస నుంచి ఆ చివర మేకల దొడ్డి దాకా వినబడింది. ఒక్కరూ తల తిప్పలేదు. తెల్లారిందనుకున్నారంతే. వొరోకియా కోనే అనే ఆ బంగాళదుంపల వర్తకురాలికి ఉన్నది ఒకటే జబ్బు. మనిషి కనబడితే ఇంటిపేరు అడగాలి. దానికీ తన ఇంటిపేరుకీ పరాచికాల వరస కుదిరితే తిట్టాలి. తిట్టకపోతే ఆ పూట ముద్ద దిగదు.

ఈ హక్కు ఆవిడ కల్పించుకున్నదేం కాదు, తాతల నాటిది. కోనేలకీ ట్రవోరేలకీ బావామరదళ్ళ సరసం లాంటి వరస ఉంది. ఒకరినొకరు “నా పాలేరు” అనుకోవచ్చు, అక్కడ అన్నిటికన్నా పెద్ద ఎగతాళి అయిన “బొబ్బర్లు మెక్కేవాడా”తో నలుగురిలో పరువు తీసుకోవచ్చు. అవతలివాడు నవ్వాలే తప్ప కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నాడా, తప్పు వాడిది. ఊళ్ళో అందరూ ఈ హక్కుని పండగ బట్టలా దాచుకుని వాడుకుంటారు. వొరోకియా మాత్రం ఒంటిమీద గుడ్డలా వాడేది.

ఒకసారి జ్వరం తగిలి ఆసుపత్రికి వెళ్ళింది. సూది పట్టుకొచ్చిన కుర్రాడు కూడా కోనేనే అని తేలింది. సొంతింటివాణ్ణి తిట్టకూడదు, దీవించాలి. “చల్లగా బతుకు నాయనా. కానీ నీచేత పొడిపించుకోను. పొడుస్తుంటే నోరు మూసుకుని పడుండటం నావల్ల కాదు. ట్రవోరే ఎవడైనా ఉంటే పంపు” అంది. ఎక్కణ్ణుంచో ఒక ట్రవోరేని వెతికి తెచ్చారు. సూది దిగి బయటికొచ్చేలోపు వాడి ఏడు తరాలనీ ఉతికి ఆరేసింది. జ్వరం దారిలోనే దిగిపోయింది. మందు వల్ల కాదని ఆవిడ వాదన.

ట్రవోరేల పెద్దాయన పోయినప్పుడైతే గుమ్మానికి అడ్డంగా పడుకుంది. “వీడు చావలేదు! నా జొన్నచేను కోత ఎగ్గొట్టడానికి వేషం కట్టాడు. లేపండి!” అని గోల. ఏడుస్తున్న కోడళ్ళు నవ్వు బయటికి రాకుండా తలగుడ్డల కొసలు నోట్లో కుక్కుకున్నారు. చివరికి ఆవిడ దోసిట్లో గుప్పెడు బొబ్బర్లు పోస్తేగానీ జనాజా కదలనివ్వలేదు.

ఫోనులో ఎవరైనా “తప్పు నంబరండీ” అన్నా వదలదు. “నంబరు తప్పైతే తప్పైంది, ఇంటిపేరు తప్పు కాదుగా! చెప్పు.”

ఇలాంటి మనిషి కంట్లో అమొయిన్ పడింది. అమొయిన్‌ది సరిహద్దు అవతల ఐవరీ కోస్ట్, బావులే జాతి. కర్రపెండలాన్ని పులియబెట్టి, రవ్వ చేసి, ఆవిరిమీద ఉడికించే అచ్చెకే అంటే మాలీ వాళ్ళు ప్రాణం పెడతారని విని, వేయించిన చేపతో కలిపి అమ్ముకుందామని ఒంటరిగా ఈ ఊరొచ్చింది. మొదటిరోజే వొరోకియా వచ్చి దుకాణం ముందు నిలబడింది.

“ఇంటిపేరు?”

“కువాకు అమ్మా.”

“అదెక్కడి పేరు? ఎవరితో వరస?”

“ఇక్కడ ఎవరితోనూ లేదమ్మా.”

పిడుగు పడ్డట్టు చూసింది వొరోకియా. “ఎవరితోనూ లేదా? అయితే నిన్ను తిట్టడానికి ఇంత ఊళ్ళో ఒక్క ప్రాణీ లేదన్నమాట! ఇదేం బతుకే తల్లీ! కుదరదు. ఇవాళ్టి నుంచి నువ్వు ట్రవోరేవి.”

అమొయిన్ ఊ అనేలోపే మొదటి తిట్టు పడింది. ఊళ్ళో సగం మంది కోనేలు, వాళ్ళ వరసకే చెందిన జారాలు. వాళ్ళందరూ మర్నాటి నుంచి తిట్టడం మొదలుపెట్టారు. కొత్తలో అమొయిన్ గదికి పోయి ఏడ్చేది. ముసలమ్మకి పొద్దున్నే కాలక్షేపం కావాలని నన్ను బలిచేసింది అనుకునేది. తర్వాత తర్వాత “నా పాలేరువి కదా” అని ఎదురు తిట్టడం వచ్చింది. అచ్చెకే కూడా అమ్ముడైంది.

అలా ఉండగా ఒకరోజు రేడియో ఒక కబురు చెప్పింది. మాలీ, దాంతోపాటు ఇంకో రెండు పొరుగు దేశాలూ పశ్చిమాఫ్రికా దేశాల కూటమి నుంచి బయటికి వచ్చేశాయని. టీ కాచుకునే మగవాళ్ళ గుంపులో ఒకటే చర్చ. “ఇకనుంచి మన కాళ్ళమీద మనం!” అన్నాడొకడు. “కాళ్ళ సంగతి సరే, కడుపు సంగతేంటి?” అన్నాడింకొకడు.

వొరోకియా దుంపలు ఏరుకుంటూ అడిగింది. “కూటమి వదిలేశారు సరే. వరసలు కూడా వదిలేశారేంట్రా?”

“వరసల గురించి రేడియో ఏం చెప్పలేదు పెద్దమ్మా.”

“అయితే కొంపేం మునగలేదు” అని మళ్ళీ దుంపల్లో పడింది.

మునగలేదన్నది ఆవిడొక్కతే. సరిహద్దు దగ్గర ఏ కాగితం చెల్లుతుందో, ఏది చెల్లదో రాసినవాళ్ళకీ తెలీదు, చూసేవాళ్ళకీ తెలీదు. లారీలు బారులు తీరాయి. అవతలినుంచి రావలసిన పామాయిలు డబ్బాలు బజారులో పలచబడ్డాయి, అరటికాయలు నల్లబడి దిగాయి. ఇవతలినుంచి పోవలసిన దుంపలు బస్తాల్లోనే మొలకలెత్తాయి. వొరోకియా మొలకలనీ తిట్టింది. “మీకు ఇంటిపేరు కూడా లేదు, ఎంత పొగరే!”

అమొయిన్ పొయ్యి రోజు విడిచి రోజు వెలుగుతోంది. వచ్చిన కాస్త అచ్చెకే కూడా ఎండలో నిలబడి నిలబడి, వాసన చూసిన పిల్లి తుమ్మేటంత పులిసి వస్తోంది. ఒకనాడు ఉల్లిగడ్డలమ్మే ఙోలో, మంచివాడే, చిరాకులో ఉన్నాడేమో, ఎటో చూస్తూ అనేశాడు. “మీవాళ్ళు దారికి అడ్డం పడ్డారుగా. మరి నువ్విక్కడెందుకు?”

మీవాళ్ళు. ఇన్నాళ్ళలో ఆ మాట అమొయిన్‌ని ఎవరూ అనలేదు. చేతిలో చేప నూనెలో పడకుండా పక్కన పడింది.

దుంపల బస్తాల మీంచి వొరోకియా ఎగిరి దూకింది. ఆ వయసులో అలా దూకడం ఊరు మళ్ళీ చూడలేదు. “ఎవర్రా ఆ వాళ్ళు? దీనికి వాళ్ళూ వీళ్ళూ లేరు, బొబ్బర్లొక్కటే ఉన్నాయి! ఇది ట్రవోరే, నువ్వు జారావి. తిడితే వరసగా తిట్టు, వంకరగా తిట్టకు!”

ఙోలో ఒక ఉల్లిగడ్డ తీసుకుని పొట్టు ఒలవసాగాడు. వాడు గొణిగాడు. “సరే... బొబ్బర్లు మెక్కేదానా.”

“గట్టిగా!”

“బొబ్బర్లు మెక్కేదానా!”

“అదీ!”

ఆనాటి నుంచి వొరోకియా జబ్బు ముదిరింది. పొద్దున ఒకసారి తిట్టేది కాస్తా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పుచ్చుకోవలసిన మందులా తయారైంది. “ట్రవోరే! ఓ ట్రవోరే!” అని ఊరంతా వినబడేలా. అసలే బేరాల్లేక ఏడుస్తుంటే ఈ గోలేంటని అమొయిన్‌కి ఒళ్ళు మండేది.

చివరికి ఉన్నదంతా ఊడ్చి ఒక లారీడు అచ్చెకే పురమాయించింది. అది బాగా వచ్చిందా, పొయ్యి నిలుస్తుంది. పులిసిపోయిందా, దుకాణం ఎత్తేసి అవతలికి ప్రయాణం కట్టడమే. లారీ రావలసిన రోజు పొద్దున డ్రైవరు బ్రహీమా ఫోను చేశాడు.

“అక్కా, ఆపేశారు! కొత్త అధికారి. కాగితం పాతదంటున్నాడు. కొత్తదేదంటే ఇంకా రాలేదంటున్నాడు. ఎండ చంపేస్తోందక్కా, సరుకు ఆగదు!”

అమొయిన్ చెంగు బిగించేలోపే వొరోకియా తలగుడ్డ మల్లయోధుడి పాగాలా చుట్టేసింది. సరుకులు మోసే మూడు చక్రాల బండిని ఆపి ఎక్కేసింది. “పదవే! ఆ అధికారి ఇంటిపేరేంటో చూద్దాం. దేవుడి దయవల్ల ట్రవోరే అయ్యాడంటే మన పంట పండినట్టే!”

బండి గతుకుల్లో ఎగురుతోంది. వొరోకియా ఎగిరినప్పుడల్లా ఒక కొత్త తిట్టు తయారుచేసుకుంటోంది. “పాలేరు అని మొదలుపెట్టనా, బొబ్బర్లతో మొదలుపెట్టనా?”

“పెద్దమ్మా, ట్రవోరే కాకపోతే?”

“కూలిబాలీ అయినా చాలు. కూలిబాలీలని దేశమంతా తిడుతుంది.”

అధికారి గేటు పక్క నిలబడి ఉన్నాడు. కుర్రవాడు, నల్లకళ్ళద్దాలు, నిటారుగా రోకలిబండలా ఉన్నాడు. వెనక లారీల బారు, నీడ కోసం చక్రాల కింద దూరిన డ్రైవర్లు.

“నాయనా, నీ ఇంటిపేరు?” అంది వొరోకియా తేనె పూసి.

“డ్యూటీలో ఉన్నప్పుడు నాకు ఇంటిపేరు లేదు.”

వొరోకియా జన్మలో అంత బూతుమాట వినలేదు. చొక్కా మీద పేరుపట్టీ ఉంది గానీ, ఎర్రదుమ్ము పేరుకుని అక్షరాలు కనబడటం లేదు. ఆవిడ తలగుడ్డ కొస నోట్లో తడుపుకుని, పసివాడి మూతి తుడిచినట్టు అధికారి గుండెమీద పరపర రుద్దేసింది. ఆయన కెవ్వుమనేలోపు పట్టీ తళతళలాడింది. “చదవరా బ్రహీమా!”

బ్రహీమా చదివాడు. “కోనే, పెద్దమ్మా.”

లారీల బారంతా ఉసూరుమంది. వొరోకియా ముఖం చేదు మాత్ర నమిలినట్టయింది. సొంతింటివాడు! చచ్చినట్టు దీవించాలి. “మీ ఇంట శాంతి నాయనా. మీ నాన్నకి శాంతి. మీ అమ్మకి శాంతి. నీ ఆవులకి...” అంటూ పళ్ళ మధ్యనుంచి ఒక్కో శాంతినీ పీకి ఇచ్చింది. అధికారి హుందాగా అన్నీ పుచ్చుకున్నాడు. గేటు మాత్రం ఎత్తలేదు.

వొరోకియా వెనక్కి వచ్చి అమొయిన్ చెవి పట్టుకుంది. “నా నోరు కట్టేశారే! నువ్వు తిట్టు.”

“నేనా? అధికారినా?”

“ట్రవోరేవి కావూ? వాడు కోనే కాదూ? ఇన్నాళ్ళూ నీకు నేర్పింది ఎందుకనుకున్నావు? పో!”

అమొయిన్ గేటు దగ్గరికి వెళ్ళింది. “బొ... బొబ్బ...” అంది.

“ఏంటి?” అన్నాడు అధికారి.

లారీలోంచి గాలికి పులుపు వాసన తేలివచ్చింది. ఆ వాసనకి అమొయిన్ గొంతు తెరుచుకుంది. “బొబ్బర్లు మెక్కేవాడా! నా పాలేరువై ఉండి నా తిండినే ఎండబెడతావురా? మా తాత నీకు అరువిచ్చిన లాగు తొడుక్కుని మామీదే దర్జానా? అద్దాలు పెట్టుకుంటే బొబ్బర్లు కనబడవనుకున్నావా? పళ్ళలో ఇరుక్కుని కనబడుతూనే ఉన్నాయి!”

అధికారి నెమ్మదిగా అద్దాలు తీశాడు.

“నీ యాస అవతలిది. నువ్వు ట్రవోరేవా?”

అమొయిన్ లారీల వైపు చూసింది. చక్రాల కిందనుంచి ఒక తల బయటికొచ్చింది. “ట్రవోరేనే సార్!” ఇంకొకటి వచ్చింది. “కొలొబుగూ ట్రవోరే సార్, బొబ్బర్ల ట్రవోరే!” బజారునుంచి వచ్చి అక్కడ వేరుశనగలమ్ముకునే ఒకావిడ బుట్ట దించి సాక్ష్యం చెప్పింది. “రోజూ మూడుపూటలా మా చెవులతో వింటున్నాం బాబూ. ట్రవోరే కాకపోతే ఇన్ని తిట్లు తిని బతుకుతుందా?”

అధికారి పెదవి ఒక మూల అదిరింది. ఆపుకున్నాడు. రెండో మూల కూడా అదిరింది. ఇక ఆగలేదు. “ఓసి కోనేల పాలేరుదానా! నువ్వు మా ఇంట్లో ఎంగిలి బొబ్బర్లు తిన్న సంగతి ఈ జనానికి చెప్పమంటావా? కూర్చో, ఆ నీడలో కూర్చో!” అని నవ్వుతూనే పైఅధికారికి ఫోను కలిపాడు. పొద్దున్నుంచీ అడగడానికి మొహమాటపడ్డ ప్రశ్న అప్పుడడిగాడు. కొత్త కాగితాలు వచ్చేదాకా, పాడయ్యే తిండి సరుకుకి పాత కాగితమే చాలుట.

గేటు లేచింది! బారంతా ఒక్కసారి హారన్లు కొట్టింది. అటునుంచి అచ్చెకే, అరటి, పామాయిలు. ఇటునుంచి దుంపల బస్తాలు. అమొయిన్ లారీ ఎక్కి ఒక మూట విప్పి, చిటికెడు నోట్లో వేసుకుంది. పులుపు ఉండాల్సినంతే ఉంది. గంతేసింది.

తిరుగు ప్రయాణంలో మూటలమీద కూర్చున్నాక అడిగింది. “పెద్దమ్మా, ఇంటికొచ్చిన కొత్తవాళ్ళకి ఎవరైనా తమ ఇంటిపేరే ఇస్తారుట కదా. నువ్వు నాకు కోనే అని పెట్టకుండా ట్రవోరే అని ఎందుకు పెట్టావు?”

“తిట్టుకోడానికి.”

“నిజం చెప్పు.”

వొరోకియా విసుక్కుంది. “నా పేరిస్తే నా చుట్టానివవుతావు. చుట్టాలు నాలుగు రోజులుండి పోతారు. పైగా నేనొక్కదాన్నే నిన్ను చూసుకోవాలి. ట్రవోరే అంటే ఊళ్ళో సగం మందికి రోజూ నీతో పని. పొద్దుట తిట్టినదాన్ని సాయంత్రం ఎవతె నువ్వు అని అడుగుతారుటే? ఈమధ్య గాలి బాగోలేదు. అందుకే కాస్త మోతాదు పెంచాను.”

అమొయిన్ ఏదో అనబోయింది. “ముక్కు చీదావంటే కిందికి తోస్తాను” అని వొరోకియా అటు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నానికి నూనె కాగింది. చేప చిటపటలాడింది. దుకాణం ముందు జనం తోసుకుంటుంటే, అందరినీ మోచేతులతో పక్కకి నెట్టి వొరోకియా వచ్చింది. ఆకలేసి వచ్చిందనుకుని అమొయిన్ పళ్ళెం నింపింది.

“నాక్కాదే. మూత పెట్టు. పెద్ద చేప వెయ్యి, ఉల్లిపాయ ఎక్కువ వెయ్యి. బండి పిలిచాను, నువ్వే పట్టుకెళ్ళు.”

“ఎవరికి?”

“ఆ గేటు కుర్రాడికి. ఎక్కడో ఉత్తరాన్నుంచి వచ్చాట్ట, ఒంటరిగా రొట్టె కొరుక్కుంటున్నాడు. నేను చూస్తే సొంతింటిదాన్నైపోయాను. దీవెనలతో ఎవడికి కడుపు నిండుతుందే? కొత్త ఊళ్ళో తిట్టే దిక్కు కూడా లేదు పాపం. వెళ్ళి, వాడు తిన్నంతసేపూ దగ్గర కూర్చుని నాలుగు తిట్టి రా.”