రైల్వే టైమ్ ప్రకారం గాదియారా కోటకి

బ్యాంకు బదిలీ మీద విజయవాడ నుంచి కోల్‌కతా వచ్చిన ఏడాదిలో మైదాన్ గడ్డి చుట్టూ పరిగెత్తి పరిగెత్తి విసుగెత్తిపోయాను. ఊరి బయట, నది పక్కన, పొద్దున్నంతా పరిగెత్తాలనిపించింది. తోడు కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. మా మేనమామ సింహాచలం కోల్‌కతా పక్కనే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాడు, ఒకప్పుడు రైల్వే పరుగు పోటీల్లో కప్పులు కొట్టినవాడు. అయితే రెండేళ్ల కిందట యార్డులో ఇనుప దిమ్మ పడి కుడిపాదం చివరి రెండు వేళ్లు పోయాయి. అప్పట్నుంచి పరుగు మానేశాడు. ఇంట్లో కూడా మేజోళ్లు విప్పడు. ఈ డిసెంబరులో నేను అడగ్గానే తనే దారి ఎంచాడు. దామోదర్ నది హుగ్లీలో కలిసే గడ్‌చుముక్ నుంచి రూప్‌నారాయణ్ కలిసే గాదియారా దాకా, పద్దెనిమిది కిలోమీటర్లు ఉండొచ్చు. అక్కడ ఇంగ్లీషువాళ్ల పాత కోట శిథిలం ఉంది. నీళ్లు తీసినప్పుడు మాత్రమే కనిపిస్తుంది.

అత్తయ్య ఒక్క షరతు పెట్టింది. మధ్యలో ఆగి బస్సెక్కితే జన్మలో మళ్లీ బూట్ల ఊసెత్తకూడదని. మావయ్య సరేనన్నాడు. అనడమే కాదు, ముందు ఆదివారం ఒక్కడే బస్సులో గాదియారా వెళ్లి చూసొచ్చాడు. సరిగ్గా తొమ్మిదికి కోట గోడలు బయటే ఉన్నాయట. కాబట్టి మనమూ వచ్చే ఆదివారం తొమ్మిదికల్లా అక్కడుండాలని తీర్మానించాడు. ముప్పై ఏళ్లు రైళ్ల మధ్య బతికినవాడి లెక్క కదా, నేను నమ్మేశాను.

సంత్రాగాఛిలో తెల్లవారుజామున మొదటి లోకల్ ఎక్కితే ఉలుబెరియాకి ఆరు రూపాయల టికెట్. స్టేషన్ బయట గడ్‌చుముక్ బస్సులు దొరుకుతాయి, మనిషికి పది రూపాయలు. నదికి గేట్లు బిగించిన వంతెన దగ్గర దిగి, మంచులోనే పరుగు మొదలుపెట్టాం. దారి చదును, చాలా చోట్ల నది కట్ట మీదే సాగుతుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క తమలపాకు తోటలు, ఇటుక బట్టీలు, గోడల నిండా ఎర్ర రంగు ఎన్నికల రాతలు. ఒక ఆడమనిషీ ఒక నడివయసాయనా ఉదయాన్నే పరిగెత్తుతుంటే ఇక్కడివాళ్లు ఊరుకోరు. ఎవరికి బాగాలేదు, డాక్టరు కావాలా అని ముగ్గురు నలుగురు ఆపబోయారు. ఒకాయన తన సైకిలు వాన్, అంటే వెనక బల్ల బిగించిన రిక్షా, ఎక్కమని చాలాసేపు వెంటపడ్డాడు. ఎవరి బండీ ఎక్కకుండా, ఎవరి మనసూ నొప్పించకుండా తప్పించుకోవడమే ఈ దారిలో అసలు కష్టం.

శ్యాంపూర్ వచ్చేసరికి మావయ్య అడుగు మారింది. కుడికాలు కొంచెం బయటికి వేస్తున్నాడు. మొహం చూస్తే తెలుస్తోంది గానీ, అడిగితే కసురుకుంటాడని నేను వాచీ చూస్తున్నట్టు నటించాను. టీ కొట్టు దగ్గర నీళ్ల కోసం నిలబడ్డాం. కూర్చోలేదు, కూర్చుంటే ఆగినట్టేనని మావయ్య గట్టి నమ్మకం. కొట్టావిడ ఎక్కడికని అడిగింది. తొమ్మిదికల్లా కోట చూడాలని చెప్పాను. ఆవిడ నవ్వి, "ఏఖన్ తో జోయార్, దీదీ" అంది. ఇప్పుడు పోటు, కోట నీళ్ల కిందుంది, మధ్యాహ్నం మూడు దాటితే గానీ తేలదని వివరంగా చెప్పింది. నది టైము రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుందట. వారానికి పొద్దుటి ఆటు కాస్తా పొద్దుటి పోటు అయిపోతుంది. తిథి చూడనిదే క్షవరం కూడా చేయించుకోని మా మావయ్య, చంద్రుణ్ణి బట్టి నడిచే నదికి మాత్రం రైల్వే టైమ్‌టేబుల్ కట్టాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. అంతదూరం ఆయన్ని లాక్కొచ్చింది ఆ తొమ్మిదిగంటల కోటే. సరిగ్గా అప్పుడే గాదియారా బస్సొచ్చి ఆగింది. లోపల సగం సీట్లు ఖాళీ. కండక్టరు మావైపే చూస్తూ పిలుస్తున్నాడు. బస్సెక్కుదామా అని నా నోటి దాకా వచ్చింది. అత్తయ్య షరతు గుర్తొచ్చి భయమేసింది.

మావయ్య బస్సు వైపు చూశాడు. "కోట ములిగిపోతే ములిగిపోనీయే బుల్లీ. అది తేలినప్పుడు తేల్తాది. మనకి తొందరేటి?" అన్నాడు.

బస్సు మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. అక్కణ్నుంచి మెల్లగా పరిగెత్తాం, దాదాపు నడక వేగంలో, కానీ ఒక్కచోటా ఆగలేదు. గాదియారా చేరేసరికి పది దాటింది. రెండు నదులూ కలిసి కట్ట అంచుదాకా నిండుగా ఉన్నాయి. కోట జాడే లేదు. ఒడ్డున పాక హోటల్లో అన్నం, పప్పు, చేపల పులుసు ముప్పై అయిదు రూపాయలు. వంటాయన రెండోసారి అన్నం అడక్కుండానే వడ్డించాడు. తిని, ఎండలో కట్ట మీద పడుకున్నాం.

మూడు దాటాక నీళ్లు తీశాయి. ముందు ఒక ఇటుక వరస, తర్వాత మొండి గోడ, నాచుపట్టిన మెట్లు. మావయ్య లేచి కూర్చుని బూట్లు విప్పాడు. కాసేపు ఆగి మేజోళ్లు కూడా విప్పాడు. బురదలోకి దిగి కోట గోడ దాకా నడిచి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వెనక పాదాల అచ్చులు పడ్డాయి, ఎడమది అయిదు వేళ్లు, కుడిది మూడు. చుట్టూ పీతలు పట్టే జనం ఉన్నారు. ఆయన ఎవర్నీ పట్టించుకోలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

తిరిగి బాగ్నాన్ దాకా బస్సు, అక్కణ్నుంచి లోకల్. రైల్లో కూర్చుని ఆలోచించాను. తొమ్మిదికే కోట కనబడి ఉంటే గోడ ముట్టుకుని, ఫొటో తీసుకుని, భోజనాలవేళకి ఇంటికి పోయేవాళ్లం. ఆయన బూట్లు విప్పేవాడు కాదు. కొన్ని లెక్కలు తప్పడమే మేలేమో అనిపించింది, బ్యాంకులో ఈ మాట అనను గానీ. మీరు వెళ్లేటట్టయితే ముందురోజే గాదియారా వాళ్లనెవర్నయినా ఆటు ఎప్పుడో అడగండి, పోయిన వారం టైము పనికిరాదు. బురద ఖాయం కాబట్టి రెండో జత మేజోళ్లు సంచిలో పెట్టుకోమని కూడా రాద్దామనుకున్నాను. కానీ మావయ్య తనవి ఆ కట్ట మీదే వదిలేసి వచ్చాడు. తలుపు తీసిన అత్తయ్య, పరుగు సంగతి అడగకుండా, మేజోళ్లు లేని ఆయన కాళ్లవైపే చూస్తూ పక్కకి తప్పుకుంది.