ఒక్క గంట కాంట్రాక్టరు

మా నాన్న ముప్ఫై ఏళ్లు తాపీ పట్టినా కాంట్రాక్టరు కాలేకపోయాడు. నేను ఒక్క కాగితం మీద ఒక్క మాట రాసి ఆయన్ని కాంట్రాక్టరును చేసేశాను. అంత మేలు చేసిన కొడుకు ఎంత వెర్రివాడో ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మొన్న గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగితే పాత అలవాటుకొద్దీ కాళ్లు కామాటిపుర వైపు తిరిగాయి, నేనూ ఆపలేదు. మేమున్న ఒంటి గదుల చాల్ మేడ చుట్టూ పరంజాలు కట్టి ఉన్నాయి. సందు చివరి బడి మాత్రం అట్లాగే ఉంది. సెలవు రోజు కదా, కాపలా మనిషి లోపలికి పోనిచ్చాడు. వరండా చివర పిల్లలు నీళ్లు తాగే కుళాయి, దాని కింద ఇటుకల గట్టు. గట్టంతా గీత గీసినట్టుంది, ఒక్క మూల మాత్రం పంటిపోటుకు వాచిన బుగ్గలా ఉబ్బి ఉంది. ఆ మూల నాది. మిగతాదంతా మా నాన్నది.

ఎనభైల మొదట్లో ఆ కేథలిక్ ప్రాథమిక బడిలో మూడో తరగతి పంతులుగా చేరాను. దరఖాస్తులో తండ్రి చేసే పని అన్నచోట ‘బిల్డింగ్ కాంట్రాక్టర్’ అని రాశాను. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి రాళ్లు మోసిన మా తాతల పని వల్లే మా పేటకు కామాటిపుర అన్న పేరు వచ్చింది; కామాటి అంటే రాళ్లూ మట్టీ మోసే కూలీ. ఊరంతా పలికే పేరును నేనొక్కణ్ణే దాచబోయాను. ఇస్త్రీ చొక్కాకి మేస్త్రీ నాన్న పొసగడనుకున్నాను.

బడి పెద్ద, మంగళూరు వైపు నుంచి వచ్చిన సిస్టర్. పొట్టి మనిషి, పొడుగు ఆలోచనలు. పనిచేసే మనిషికి గౌరవం, చాలినంత కూలి, బీదవాడికి ముందు పీట: శ్రీసభ, అంటే వాళ్ల చర్చి, చెప్పే ఈ సంగతులు ఆదివారం విని సోమవారం మరిచిపోవడానికి కాదని ఆమె పట్టు. ఒకటో తరగతి పిల్లకు చేసి చూపించలేకపోతే మనకే సరిగ్గా అర్థం కాలేదన్నమాట అనేది. అందుకని మా బడిలో భోజనాల వేళ ఆయాకి ముందు వడ్డించేవారు. తరగతి గదులు వంతులవారీగా పంతుళ్లమే ఊడ్చేవాళ్లం. నా వంతు రోజున నేను ఊడ్చిన గదిని ఆయా మళ్లీ ఊడ్చేది, నా మనసు నొచ్చుకోకుండా కిటికీ బయటికి చూస్తూ.

అన్నిటికన్నా గడ్డు పద్ధతి శనివారానిది. ఆ రోజు పిల్లల ఇళ్లలోంచి ఒకరు వచ్చి, పంతులు కుర్చీలో కూర్చుని, తాము చేసే పని నేర్పాలి. పంతులేమో పిల్లల బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చోవాలి. మధ్యలో మాట్లాడితే లేచి నిలబడాలి. ఒక పిల్ల తండ్రి టాక్సీ నడిపేవాడు. దగ్గరికే పోయే సవారీ చెయ్యెత్తితే కనపడనట్టు ఎట్లా పోవాలో చక్కగా నేర్పి, గుమ్మంలో సిస్టర్‌ని చూసి, “గిట్ల మాత్రం చెయ్యద్దు” అని ముగించాడు. ఇంకో శనివారం వచ్చిన ధోబీ పాఠం మొదలుపెట్టిందే నా కాలరు పట్టుకుని.

ఆ ఏటి వానలకు కుళాయి గట్టు కూలింది. సిస్టర్ నన్ను పిలిచింది. “మీ నాన్న కాంట్రాక్టరు కదా, ఈ శనివారం రమ్మను. కాంట్రాక్టర్లను పిల్లల ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి” అంటూ ఒక కాగితం చూపించింది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే కూలి ఇస్తారా, ఆదివారం సెలవుందా, పరంజా మీంచి పడితే ఎవరు చూస్తారు, ఇట్లా కింది దాకా. మేస్త్రీ అని రాసుంటే మా నాన్నకు కుర్చీ దక్కేది. కాంట్రాక్టరని రాసినందుకు బోను దక్కింది. నిజం చెబితే కొలువు పోతుందేమోనని నా భయం.

ఇంటికి పోయి, తల దించుకుని, సంగతంతా చెప్పి, “నాయినా, ఒక్క గంట కాంట్రాక్టరువు కావాలె” అన్నాను.

ఎందుకు రాసినవ్ అని ఆయన అడగలేదు. “ముప్పై ఏండ్లల్ల ఒక్క దినం కాలే. గంటంటే తక్వనా?” అన్నాడు.

పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అందుకుంది. “పొట్ట లేని కాంట్రాక్టరు ఏడన్న ఉంటడా? నీ ప్యాంటు నడుముకే నిల్వదు గాయనకు.”

శనివారం నా ప్యాంటును నాడాతో బిగించుకుని, గుడ్డ సంచి ఒకటి పట్టుకుని మా నాన్న వచ్చాడు. సంచీ ఎందుకని అడిగే తెలివి నాకు లేకపోయింది. నేను పిల్లల మధ్య బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను.

“ఆడవాళ్లకు కూలి తక్కువ ఇస్తారటగా, ఎందుకు?” సిస్టర్ మొదలుపెట్టింది.

“వాళ్లు పాటలు పాడుకుంట పనిజేస్తరమ్మా. పాటకు గూడ కూలిస్తమా?”

“ఆదివారం సెలవు ఉందా?”

“ఉంది. నాకు.”

“ఎవరైనా పరంజా మీంచి పడితే?”

“ఉరికి పోయి సూస్తం. పరంజా ఇరిగిందేమో అని.”

పిల్లలు పడి పడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ జవాబులు ఆయన కల్పించినవి కావు. ఒక్కొక్కటీ ఎప్పుడో ఎవరో కాంట్రాక్టరు ఆయనతో అన్నదే.

సిస్టర్ కాగితం మడిచింది. “ఇన్ని చేసినవారు ఒక పూట చేతులతోనూ పని చెయ్యాలి. ఆ గట్టు మీరే కట్టండి. కూలీగా మీ అబ్బాయి ఉంటాడు.”

సంచిలోంచి తాపీ, గోడ నిలువు చూసే దారపు గుండు బయటికొచ్చాయి. ఇస్త్రీ చొక్కాతో నేను ఇసుక, సిమెంటు కలిపాను. “సార్, నీళ్లు జర తక్వ పొయ్యిన్రి. మనం వండేది పాయసం కాదు” అన్నాడు మా నాన్న. మూడో తరగతి మొత్తం ఆ మాటను ఏడాది పొడుగునా నామీద వాడుకుంది. ఆయన ఒక్కొక్క ఇటుకనూ తాపీ పిడితో తట్టి, తల వంచి వినేవాడు, అది ఏదో చెబుతున్నట్టు. చివరికి ఒక మూల మిగిల్చి, “గిది సార్ కడ్తడు” అన్నాడు.

పని అయ్యాక సిస్టర్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. “మేస్త్రీగారూ, మీరు కట్టిన వరండా మెట్లు ఒక్కటీ కదల్లేదు” అంది. నేను చేరకముందు ఒక సెలవుల్లో ఆ మెట్లు కట్టింది ఆయనేనట. నా దరఖాస్తులో ఆయన పేరు చూసిన వారానికే సిస్టర్ మా ఒంటి గది ఖోలీకి వచ్చిందట. ప్రశ్నల కాగితం సగం మా నాన్న చెప్పి రాయించిందేనట.

“నువ్వు నన్ను కాంట్రాక్టరును జేసినవ్, నేను నిన్ను కామాటిని జేసిన. చెల్లుకు చెల్లు” అన్నాడు దారిలో. అమ్మ మాత్రం తర్వాతెప్పుడో చెప్పింది: “సిస్టరమ్మ నీ దరఖాస్తు తెచ్చి సదివిన దినం నీ నాయిన చాయ్ ముట్టలే. అట్లనే సల్లారిపోయింది.”

కొలువు పోలేదు. ఏళ్లు గడిచి, ఆ దశాబ్దం చివర్లో మా అమ్మాయి అదే బడిలో ఒకటో తరగతిలో చేరింది. తండ్రి చేసే పని అన్నచోట ‘పంతులు, అప్పుడప్పుడు మేస్త్రీ దగ్గర కూలీ’ అని రాశాను. సిస్టర్ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, తన పద్ధతి ప్రకారం నాకొక శనివారం ఇచ్చింది. ఆ రోజు బెంచీ మీద పంతులమ్మకు బదులు పిల్ల తాత కూర్చోవాలని ఒక్కటే కోరాను.

బడి మొహం చూడని మా నాన్న మొదటి బెంచీలో, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, మనవరాలి పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను ఇసుక, సిమెంటు మాలు కలపడం నేర్పుతున్నాను. ఆయన ఎంతసేపు ఓర్చుకుంటాడు పాపం. “నీళ్లు జాస్తైనయ్” అన్నాడు.

“మధ్యలో మాట్లాడిందెవరు? నిలబడండి” అన్నాను.

నిలబడ్డాడు. గంట కొట్టి పిల్లలు బయటికి ఉరికినా అట్లాగే ఉన్నాడు, సార్ చెప్పకుండా ఎట్ల కూసుంట అని. మొన్న ఆ ఉబ్బిన మూల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఆలోచించాను. ఆ రోజు నేను కూర్చోమన్నానో లేదో ఎంతకీ గుర్తు రాలేదు. ఇటుకల జోలికి పోని కాలం, ఇట్లాంటి జ్ఞాపకాలు మాత్రం అడక్కుండానే పట్టుకుపోతుంది.