రోలు కన్నా బరువైన ఉత్తరం

తక్కెడ పెదనాన్న తూచకుండా ఏ పనీ చేసేవాడు కాడు. తూచడమంటే ఆలోచించడం అనుకునేరు! నిజంగానే పళ్ళెంలో పెట్టి తూచేవాడు. కాటాలు బాగుచేసే కొట్టు ఆయనది. పొద్దున్నే పేపరు రాగానే పళ్ళెంలో పడేసి, "నిన్నటికంటే పది గ్రాములు తక్కువ. లోకంలో ఇవాళ పెద్దగా ఏమీ జరగలేదు" అని చదవకుండానే మడిచి పెట్టేసేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలను భోజనానికి ముందొకసారి, తర్వాత ఒకసారి కాటా ఎక్కించేవాడు. ముల్లు సరిగ్గా కదలకపోతే, "మొహమాటపడ్డారు. రండి, మళ్ళీ కూర్చోండి" అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళేవాడు. నిజానికి ఆయన పెదనాన్న అయింది ఒక్క అమ్మాయికే, తమ్ముడి కూతురికి. కానీ వీధి వీధంతా అలాగే పిలిచేది.

నాలుగూళ్ళు తిరిగినవాడికి నలభై రకాల న్యాయాలు కనిపిస్తాయి. ఒకచోట నాణెం ఎగరేస్తారు, ఒకచోట చీట్లు వేస్తారు, ఇంకొకచోట ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళదే గెలుపు. ఆ ఇంటికి మాత్రం పెదనాన్న కొట్లో దూలానికి వేలాడే పెద్ద తక్కెడే సుప్రీంకోర్టు. తగువు వచ్చిందంటే ఎవరి పక్షాన వాళ్ళు తలా ఒక వస్తువు పళ్ళెంలో పెట్టాలి. ఎటు మొగ్గితే అటే. అప్పీలు లేదు. అమ్మాయి వాళ్ళ నాన్న ప్రేమించి పెళ్ళాడతానన్న రోజున నాయనమ్మ వద్దంటూ ఒక పళ్ళెంలో తిరగలి రాయి పెట్టిందట. రెండో పళ్ళెంలో నాన్న పెట్టిన అమ్మ ఫొటో ఆ రాయిని గాల్లోకి లేపిందట. అప్పటికి అమ్మ చీపురుపుల్లలా ఉండేది కూడాను.

అలాంటి ఇంట్లో అమ్మాయికి ఒకేరోజు రెండు కాలేజీల నుంచి ఉత్తరాలు వచ్చాయి. మొదటి కాలేజీ ఎంత దగ్గరంటే, వంటింట్లో మిరపకాయలు వేయిస్తే లెక్చరరు తుమ్ముతాడు. కాకపోతే అక్కడ కామర్స్ తప్ప మరొకటి లేదు. రెండోదానికి రెండు రాత్రులు రైల్లో వెళ్ళాలి. అక్కడ ఓడలు కట్టడం నేర్పుతారు. సోమవారంలోగా చేరతానని రాయకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

"నీళ్ళు లేని ఊళ్ళో పుట్టి ఓడల చదువేమిటే?" అంది నాయనమ్మ. "మన వీధి మొత్తానికి తేలేది పాలగిన్నెలో ఈగ ఒక్కటే."

అమ్మాయికి ఆ పిచ్చి ఆరేళ్ళప్పుడే పట్టుకుంది. పెదనాన్న ఇనప పళ్ళేన్ని నీళ్ళతొట్టిలో తేలేసి, తూకపు రాళ్ళు ఒక్కొక్కటే ఎక్కించింది. పదకొండో రాయికి పళ్ళెం బుడుంగుమంది. తిడతాడనుకుంటే పెదనాన్న పళ్ళెం తుడుస్తూ, "ఆ పదకొండోది అంచున కాకుండా నడిమధ్య పెట్టి ఉంటే?" అన్నాడు. ఆ సాయంత్రమంతా ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

ఆదివారం మధ్యాహ్నం కోర్టు కూడింది. ఎండ మాడ్చేస్తోంది. పెదనాన్న మాత్రం తక్కెడ పక్కనే ముక్కాలిపీట వేసుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"ఈ ఎండలో దుప్పటేమిటి బావగారూ?" అంది అమ్మ.

"న్యాయం చెప్పేవాడికి కాళ్ళు చల్లబడతాయమ్మా."

దగ్గరి కాలేజీ పళ్ళెంలో నాన్న ఇస్త్రీపెట్టె పెట్టాడు. "అంత దూరంలో దీని బట్టలెవరు ఇస్త్రీ చేస్తారు?" అన్నాడు. నాయనమ్మ రోలు మోయించుకొచ్చింది. పళ్ళెంలో పెట్టబోయి, పెద్దకొడుకు దుప్పటివైపు ఒక చూపు చూసి, రోట్లోంచి పొత్రం తీసి పక్కన పెట్టి, ఉత్త రోలే పళ్ళెంలోకి ఎక్కించింది. అమ్మ ఏ పళ్ళెంలోనూ ఏమీ పెట్టలేదు. అమ్మాయి చేతిలో ఓడల కాలేజీ ఉత్తరం ఒక్కటే ఉంది. దాన్ని ఖాళీ పళ్ళెంలో పెట్టి కళ్ళు మూసుకుంది.

కిర్రుమంది. కళ్ళు తెరిచి చూస్తే ఉత్తరం కిందికి దిగుతోంది! రోలూ ఇస్త్రీపెట్టే రెండూ ఊగుతూ పైకి లేస్తున్నాయి!

"అన్నయ్యా, తక్కెడ చెడిందేమో!" అన్నాడు నాన్న.

"చెడిందా?" అమ్మ చివాలున లేచింది. "అయితే నా ఫొటో తూచినప్పుడు కూడా చెడే ఉందంటారా?"

నాన్న తక్కెడను చూశాడు. అమ్మను చూశాడు. ఇరవై ఏళ్ళ కాపురం ముల్లు మీద ఊగుతోంది.

"అబ్బెబ్బే! భేషుగ్గా ఉంది తక్కెడ. రైలు ఎన్నింటికి?"

పెదనాన్న మొహం కందగడ్డయింది. చెమటలు కారుతున్నాయి. "ముందా రోలు దింపండర్రా!"

"అంత తొందరేమిటి అన్నయ్యా?"

"తీర్పయ్యాక బరువు ఉంచకూడదురా! శాస్త్రం! దింపండి!"

అమ్మాయి బయల్దేరే రోజున పెదనాన్న కుంటుకుంటూ స్టేషనుకు వచ్చాడు. ప్లాట్‌ఫాం మీది బరువుల యంత్రం ఎక్కించి, వచ్చిన అంకె జేబు పుస్తకంలో రాసుకున్నాడు. "తిరిగొచ్చేసరికి ఇందులో ఒక్క కిలో తగ్గిందా, ఆ కాలేజీ సంగతి తేలుస్తాను."

అమ్మాయి పెట్టె అందుకోబోయి వంగింది. పెదనాన్న ఎడమకాలి బొటనవేలు వంకాయలా ఉంది. దాని చుట్టూ తక్కెడ తీగ కోసుకున్న గీత.

"పెదనాన్నా... నలభై ఏళ్ళలో తూకం తప్పలేదంటావే!"

"ఇప్పుడూ తప్పలేదు. సరిచేశానంతే. అరిచావంటే కొట్టు మూతపడుతుంది."

ఆ గీత పక్కనే తెల్లబడిన పాత గీత ఇంకొకటి ఉంది.

"మరి ఈ పాతది ఎవరి కోసం?"

పెదనాన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ అమ్మ కోసం."

వెనక బెంచీ మీద కళ్ళజోడు తుడుచుకుంటున్న నాయనమ్మ తలెత్తలేదు. "అప్పుడు తిరగలి పైరాయి ఒక్కటే కదరా పెట్టాను. మొన్న పొత్రం కూడా తీసేస్తిని. అయినా వేలు ఇంత వాచిందంటే నీకు వయసైపోయింది, పెద్దాడా. ఇంకో తగువు వచ్చేలోగా కుడికాలు అలవాటు చేసుకో."